జకరయ్య ఆపని ప్రార్థన

కొత్తరేవు సంఘంలో జకరయ్య అనే పెద్ద ఉండేవాడు. ప్రార్థన మొదలుపెట్టాడంటే దేవుడికి కూడా మాట్లాడే సందు ఇచ్చేవాడు కాదు. కుటుంబ ప్రార్థనకు అతను వస్తున్నాడని తెలిస్తే, ఆ ఇంటివాళ్లు పొయ్యి మీది అన్నం దించి మరీ కళ్లు మూసుకునేవారు. వానల కోసం, పాలకుల కోసం, ప్రయాణాల్లో ఉన్నవారి కోసం అన్నీ అయ్యాకే అతను ఆమేన్ అనేవాడు. అన్న వెంటనే లేచి చెప్పులు వేసుకునేవాడు.

"ఆమేన్ తర్వాత కాసేపు కూర్చోండి, జకరయ్యగారూ. దేవుడు కూడా ఏదైనా చెబుతాడేమో" అన్నారు ఒకసారి పాస్టరు అయ్యగారు.

"ఊరికే కూర్చుంటే నిద్ర వస్తుంది, అయ్యగారూ!" అని జకరయ్య నవ్వేశాడు.

అతని తమ్ముడు బర్నబా అదే ఊళ్లో ఉండేవాడు. పొలం గట్టు దగ్గర తగాదా వచ్చి ఇద్దరూ చాలా ఏళ్లుగా మాట్లాడుకోవడం లేదు. "ప్రభువా, నా తమ్ముడి మనసు మార్చు" అని జకరయ్య రోజూ ప్రార్థించేవాడు. తన మనసు సంగతి మాత్రం ఎప్పుడూ ఎత్తలేదు.

ఒక ఉదయం బర్నబా భార్య సువార్తమ్మ పరుగున వచ్చింది.

"బావగారూ, ఆయనకు బాగా లేదు. మీతో ఒక్క మాట చెప్పాలంటున్నారు. అదేమిటో నాకు కూడా చెప్పడం లేదు. గొంతు పోతోంది, త్వరగా రండి!"

జకరయ్య వెళ్లాడు. అన్నను చూడగానే బర్నబా కళ్లు మెరిశాయి. పెదవులు కదిలాయి.

"ఉండరా, ముందు ప్రార్థన చేద్దాం" అన్నాడు జకరయ్య. అందరూ కళ్లు మూసుకున్నారు.

అతను ఎప్పటిలాగే వానల దగ్గర మొదలుపెట్టాడు. కాసేపటికి ఎవరో తన చొక్కా అంచు లాగినట్టయింది. తమ్ముడు ప్రార్థనలో కదిలిపోతున్నాడనుకుని ఇంకా గొంతు పెంచాడు. 'ఇక ఆపు, వాణ్ణి మాట్లాడనివ్వు' అని లోపల ఏదో మెల్లగా అంది. సాతాను అడ్డం పడుతున్నాడనుకుని, ఆ మాట వినపడకుండా మరింత గట్టిగా ప్రార్థించాడు.

ఆమేన్ అని కళ్లు తెరిచేసరికి బర్నబా చెయ్యి మంచం అంచున వేలాడుతోంది.

"ఇప్పుడు చెప్పరా, ఏమిటి?" అని జకరయ్య వంగాడు.

బర్నబా అన్న ముఖంలోకే చూశాడు. మాట రాలేదు. సాయంత్రానికి కన్నుమూశాడు.

"ఏం చెప్పాలనుకున్నాడమ్మా?" అని జకరయ్య ఏడుస్తూ అడిగాడు.

"నాకేం తెలుసు, బావగారూ? అన్నకే చెబుతానన్నారు" అంది సువార్తమ్మ.

ఆ ఆదివారం అయ్యగారు అతణ్ణి ప్రార్థన చేయమన్నారు. జకరయ్య లేచి నిలబడ్డాడు. ఎప్పటిలాగే వానల దగ్గర మొదలుపెట్టబోయి ఆగిపోయాడు. చివరికి, "ప్రభువా, ఆ రోజు ఆపమన్నది నీవే కదా" అని కూర్చుండిపోయాడు.

అప్పటినుంచి అతని ప్రార్థనలు చిన్నవయ్యాయి. ఆమేన్ తర్వాత తల వంచుకుని చాలాసేపు కూర్చునేవాడు. ఆ నిశ్శబ్దంలో, తాను తమ్ముడికి క్షమాపణ చెప్పాల్సిందని అతనికి తెలిసింది. కానీ తమ్ముడు చెప్పాలనుకున్న ఆ ఒక్క మాట ఏమిటో మాత్రం చివరిదాకా తెలియలేదు.

నీతి: ప్రార్థన అంటే దేవుడితో మాట్లాడటమే కాదు, ఆగి ఆయన మాట వినడం కూడా. ఆగడం తెలియనివాడు దేవుడి మాటనూ, పక్కనున్న మనిషి మాటనూ పోగొట్టుకుంటాడు.