కుడితి తొట్టిలో మొదటి మూతి

ఏటి ఒడ్డున ఒక పశువుల పాక. అందులో ఉండేది నలుగురే. మైలగాడనే ముసలి ఎద్దు, బోడమ్మనే బర్రె, దాని పెయ్యదూడ చుక్క, నోరు ఊరుకోని ఒక మేక. వీళ్లందరికీ వైద్యం చేసేది పైన వాసం మీద కాపురమున్న గోరింక. వీపు మీద వాలి పిడుదులు ఏరేది, చెవిలో పురుగు లాగేది, పుండు చూసి ఏ ఆకుకి ఒళ్లు రుద్దుకోవాలో చెప్పేది.

ఎవరి వీపెక్కినా ముందు ఒక మాట ఇచ్చేది. "నీ ఒంటి మీద చూసింది ఇంకొకరి చెవిన వెయ్యను." ఆ మాట ఉండబట్టే అంత వాగే మేక కూడా, ఎవరికీ చెప్పని తోక కింది పుండు దానికి చూపించింది. ఆ మాటంటే గోరింకకి మహా గర్వం.

ముసురు పట్టిన ఒక రోజు పొద్దున మైలగాడు ఆగి ఆగి నడుస్తున్నాడు. గోరింక వచ్చి వీపు మీద వాలింది.

"ఏం మైలన్నా, అడుగు ఎత్తెత్తి వేస్తున్నావు?"

"మాటిచ్చినట్టేనా?"

"ఎప్పుడూ ఇచ్చేదేగా. ఇచ్చాను."

అప్పుడు కాలెత్తాడు. గిట్టల మధ్య పొక్కులు. నోరు తెరిచాడు. నాలుక మీద బొబ్బలు, తీగలు సాగుతున్న చొంగ. గోరింక కిందికి దిగి దగ్గరగా చూసింది.

"గాలికుంటు రోగం అన్నా ఇది. పెద్దవాళ్లు నానా బాధా పడి లేస్తారు. చంటిపిల్లలు లేవరు. ఇవాళే అందరికీ చెప్పేసి దూరంగా ఉండు."

"దూరంగా అంటే ఆ చింతచెట్టు కిందేగా. నా జతగాడు పుల్లన్న కుంటితే ఆసామి అక్కడే కట్టేశాడు. మూడో రోజుకి కబేళా లారీ వచ్చింది. నువ్వూ చూశావుగా."

చూసింది. లారీ ఎక్కుతూ పుల్లన్న వెనక్కి తిరిగి చూసిన చూపు కూడా దానికి గుర్తుంది.

"పది రోజులు ఓర్చుకో తల్లీ. తగ్గిపోద్ది," అన్నాడు మైలగాడు. "అందాకా కుడితి తాగను. ఒట్టు."

"తాగకపోతే మిగతావాళ్లకి తెలిసిపోదూ?"

ఆ పాకలో అదొక పద్ధతి. సాయంత్రం తొట్టిలో కుడితి పోశాక ముందు పెద్దవాడు మూతి పెట్టాలి, ఆ తర్వాతే మిగతావాళ్లు.

"పెట్టినట్టు పెట్టి తీసేస్తాను. ఒక్క గుక్క మింగను. మింగితేనేగా అంటుకునేది."

అది నిజం కాదని, చొంగ తగిలినా చాలని గోరింకకి తెలుసు. కానీ ముసలాడి కళ్లలో నీళ్లు చూసి ఇంకేం అనలేకపోయింది.

పగలంతా వాసం మీద కుదురుగా కూర్చోలేకపోయింది. చివరికి బోడమ్మ దగ్గరికి దిగింది. "వదినా, ఇవాళ కుడితి పిల్లకి పెట్టకు."

"ఏం? ఏమైంది దానికి?"

"ఏం లేదు, ఊరికే."

"ఊరికే పస్తు పెట్టమంటావా పిల్లని?"

మేక అందుకుంది. "పురుగులు తినే నోటికి కుడితి రుచి కూడా తెలిసిందే మన డాక్టరమ్మకి."

ఇంకో మాటంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్తే ఎవరికని అడుగుతారు. గోరింక పైకెగిరిపోయింది.

సాయంత్రం కుడితి పోశారు. మైలగాడు మూతి పెట్టాడు. మాట ప్రకారం ఒక్క గుక్క కూడా మింగలేదు. కానీ మూతి ఎత్తేటప్పుడు చొంగ తీగలా సాగి తొట్టిలో పడింది. అది చూసింది గోరింక ఒక్కటే. మైలగాడు తలెత్తి వాసం వైపు చూశాడు, మాట తప్పలేదు కదా అన్నట్టు. చుక్క గెంతుకుంటూ వచ్చి తొట్టి అంచు నాకడం మొదలుపెట్టింది. గోరింక ముక్కు తెరుచుకుంది. మళ్లీ మూసుకుంది.

నాలుగో రోజు చుక్క తల్లి దగ్గర పాలు తాగుతూ తాగుతూ కూలిపోయింది. ఒంటి మీద ఒక్క పొక్కు కూడా లేదు; చంటిపిల్లలకి ఈ రోగం నేరుగా గుండెకే ఎక్కుతుంది. మధ్యాహ్నానికల్లా చల్లబడిపోయింది. అప్పటికి బోడమ్మ నాలుక మీదా, మేక గిట్టల్లోనూ బొబ్బలు లేచాయి.

"నేను ఒక్క గుక్క తాగలేదమ్మా," అన్నాడు మైలగాడు.

బోడమ్మ అతని వైపు చూడలేదు. వాసం వైపు చూసింది. "నీకు తెలుసా?"

"మాటిచ్చాను వదినా. పేరు ఎలా చెప్పేది?"

"పేరు ఎవరడిగారే? 'ఊరికే' అన్నావు నాతో. తొట్టిలో రోగం ఉందనుంటే చాలదా? ఎవరికని అడిగేదాన్ని. చెప్పకపోతే తిట్టేదాన్ని. తిట్టుకుంటూనే పిల్లని పక్కకి లాక్కునేదాన్ని."



వానలు తగ్గేసరికి మైలగాడికీ తగ్గింది. రోగం పాకంతా పాకింది కాబట్టి అతన్నొక్కణ్ణీ చింతచెట్టు కింద కట్టలేదు, లారీ రాలేదు. సాయంత్రం తొట్టిలో మొదటి మూతి ఇప్పటికీ అతనిదే. కాకపోతే అతను మూతి తీసి పక్కకి జరిగాక ఇంకెవరూ ముందుకి రారు. నిండు తొట్టి అలాగే పులిసిపోతుంది.

మేక తోక కింద పుండు మళ్లీ ముదిరింది. ఈగలు ముసురుతుంటే చూడలేక గోరింక కిందికి దిగింది. మేక పక్కకి జరిగింది.

"మాటిస్తాను, ఎవరికీ చెప్పను," అంది గోరింక.

"ఇదివరకు నువ్వు చెప్పేస్తావేమోనని భయపడేదాన్ని," అంది మేక. "ఇప్పుడు చెప్పవేమోనని భయం."

గోరింక మళ్లీ వాసం ఎక్కింది. కింద మూడు వీపులున్నాయి. వాలనిచ్చేది ఒక్కటీ లేదు.

రోగి పేరు కడుపులో దాచుకోవచ్చు, రోగం ఉందన్న మాట మాత్రం దాచకూడదు.