దొరవారి నాలుగు ముద్దలు

ఆ ఊరి పెళ్ళిపంక్తిలో జమీందారు భూపాలరాయుడు ముద్ద ఎత్తేదాకా ఎవరూ తినకూడదు, ఆయన లేచాక ఎవరూ కూర్చోకూడదు. ఆయనేమో ఆలస్యంగా వచ్చి, నాలుగు ముద్దలు మింగి లేచేవాడు. చుట్టాలంతా అరకడుపుతో చేతులు కడుక్కునేవారు.

ఎర్రక్క తన కూతురి పెళ్ళిలో, అప్పుడే దించిన అన్నం, సలసల కాగే పప్పుచారు తెచ్చి ఆయన విస్తట్లో వడ్డించింది. రాయుడు ఆ నాలుగు ముద్దలూ ఊదుకుంటూ తినేసరికి పంక్తంతా మారు పాయసం కూడా కానిచ్చి త్రేన్చింది.

"నాకొక్కడికే ఇంత వేడిగా పెట్టావేం?" అన్నాడు రాయుడు, కాలిన వేళ్ళు చూసుకుంటూ.

"అందరికీ ఇంత వేడిగానే పెట్టాం దొరా. మీకోసం చూస్తూ కూర్చున్నారు కదా, వాళ్ళది చల్లారిపోయింది."

రాయుడు పంక్తి వైపు చూశాడు. తర్వాతి పెళ్ళికి మాత్రం విస్తళ్ళు వేయకముందే వచ్చి కూర్చున్నాడు, అందరూ తిన్నాకే లేచాడు.