అప్పయ్యమ్మ పిలుపు

నమ్మనివాళ్ళు ఇప్పుడే లేచి పొండి. మధ్యలో మూతి విరిస్తే ఊరుకోను.

సముద్రపు నీళ్ళు ఇంకా తియ్యగా ఉన్న కాలంలో ఒక రాజు, ఏరు సముద్రంలో కలిసే మొగకు అడ్డంగా గొలుసు కట్టించాడు. పడవ కదలకూడదన్నాడు. జాలరిపేట మగాళ్ళు ముగ్గురు కోట ముందు కూర్చుని, "గొలుసు తియ్యి" అన్నారు. భటులు వాళ్ళని లోపలికి ఈడ్చుకుపోయారు. మర్నాడు పేటవాళ్ళు అడిగితే రాజు, "ఎవరు? ఇక్కడికెవరూ రాలేదే!" అన్నాడు.

ఆ పేటలో సోమాలమ్మ ఉంది. మంచు కమ్మి ఒడ్డు కనబడనప్పుడు, వేటకెళ్ళినవాళ్ళని పేరుపేరునా పిలిచి ఒడ్డుకు తెచ్చేది ఆమే. ఆమె గొంతెత్తితే తిమింగలాలు దారి తప్పేవి. పెద్దలు తాంబూలం పట్టుకొచ్చి, కోట ముందు పిలవమని అడుగుతారని ఆమె ముడి చుట్టుకుంటూ ఇంట్లో కూర్చుంది.

ఈలోగా ఎండుచేపలమ్మే అప్పయ్యమ్మ కోట తలుపు దగ్గరికి పోయింది. పక్కింటికి కూడా వినబడని గొంతు ఆమెది. అయినా మంచులో పిలిచినట్టే పిలిచింది.

"ఓ ఎర్రయ్యోయ్! ఓ కామయ్యోయ్! ఓ నరసయ్యోయ్!"

లోపల్నించి "ఓయ్!" "ఓయ్!" "ఓయ్!"

రాజు అబద్ధం వీధిన పడింది. పేటంతా అప్పయ్యమ్మ పేరే. సోమాలమ్మ గుండె మండిపోయింది. ఆ మంట మీద బుట్టెడు చేపలు కాల్చుకోవచ్చు.

"పిల్లి మూలుగు! అదీ ఒక పిలుపేనా?"

రెండోరోజు రాజు వెయ్యి డప్పులు కొట్టించాడు. పిలుపు మునిగిపోయింది. అప్పయ్యమ్మ పరుగున సోమాలమ్మ ఇంటికొచ్చి, అక్కని పిలిచినట్టు పిలిచింది.

"అప్పా, నా గొంతు చాలట్లేదు. లోపలున్న నరసయ్య నీ తమ్ముడే కదా. నువ్వొచ్చి పిలు."

"పేరు నీకూ, గొంతు నాదీనా? పోవే!"

"పేరు కూడా నువ్వే తీసుకో అప్పా."

ఆ మాటకి సోమాలమ్మకి ఒళ్ళు ఇంకా మండింది. ధడాలున తలుపేసుకుంది.

మూడోరోజు అప్పయ్యమ్మ కోట తలుపుకి నోరు ఆనించి పిలిచింది. ఎర్రయ్య పలికాడు. కామయ్య పలికాడు. "ఓ నర..." అనేలోగా భటుడు ఈటెతో పొడిచాడు.

సోమాలమ్మ జుట్టు విరబోసుకుని పరిగెత్తుకొచ్చింది. ఏడుపనుకున్నారా? కుళ్ళు!

"చచ్చి కూడా నా తమ్ముడి పేరు నోట్లో పెట్టుకుపోయిందే!"

గొంతెత్తింది. "ఓ నరసయ్యోయ్!" వెయ్యి డప్పులూ పగిలాయి. ఏనుగులు చతికిలబడ్డాయి. రాజు సింహాసనం మీంచి జారి, తను ఉమ్మే తమ్మపడిగలో పడ్డాడు. లోపల్నించి తమ్ముడు, "ఓయ్, అప్పా!" అన్నాడు.

వెనక్కి తిరిగి చూసింది. ఒక్కరూ ఆమెని చూడటం లేదు. అందరి కళ్ళూ అప్పయ్యమ్మ మీదే.

"నేను పిలిస్తే రానివాళ్ళెవరు?" అని వంగి, శవం చెవిలో పిలిచింది. "ఓ అప్పయ్యమ్మోయ్!"

పలుకు లేదు. ఇంకోసారి. పలుకు లేదు. మూడోసారి గొంతు చీలి, ఏడుపొచ్చింది.

అప్పుడు పేటంతా ఒక్కసారిగా, "ఓయ్!" అంది. ఆ హోరుకి కోట తలుపులు ఊడిపడ్డాయి. ముగ్గురూ బయటికొచ్చారు. ఆ ఊపులోనే అందరూ కలిసి ఏటి మొగ గొలుసూ తెంపారు.

ఇప్పటికీ ఆ తీరాన ఎవరినైనా పట్టుకుపోతే, జనం వాళ్ళని పెట్టిన చోటి గుమ్మం ముందు నిలబడి పేరుపేరునా పిలుస్తారు. చివర్న "అప్పయ్యమ్మోయ్!" అంటారు. అందరూ "ఓయ్!" అంటారు. సోమాలమ్మని ఎవరూ పిలవరు.

అబద్ధమంటారా? పోయి సోమాలమ్మ మునిమనవరాలినే అడగండి. ఈ కథ ఎత్తితే ఇప్పటికీ మూతి ముడుచుకుంటుంది. పేటలో వలలల్లుతూ ఉంటుంది, ఇంటిపేరు గరికిన, పేరు పెంటమ్మ.