ఎండెక్కిన మంచు

హిమాలయాల ఒడిలో, దేవదారు చెట్లు దట్టంగా పెరిగిన ఒక అడవి ఉంది. అందులో కొండమేకల మంద, కస్తూరి జింకలు, కుందేళ్ళు, ఒక ముసలి నక్క కలిసిమెలిసి ఉండేవి. మేకల మందకు శిఖరుడు నాయకుడు. మెలితిరిగిన పెద్ద కొమ్ములు, బండలాంటి ఛాతీ అతనివి. అతనికి హైమ అనే అక్క ఉంది. తల్లి చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి తనే పెంచి పెద్ద చేసింది.

ఆ ఏడు చలికాలం ఎంతకీ పోలేదు. చైత్రమాసం వచ్చేసరికి అడవిలో మేత అయిపోయింది. పిల్లలు చెట్ల బెరడు నమిలి కడుపు నింపుకుంటున్నాయి. ఎదుటి కొండ మీద మాత్రం పచ్చగడ్డి మొలిచింది. అక్కడికి చేరాలంటే మంచు నిండిన ఏటవాలు ఒకటి దాటాలి.

శిఖరుడు మధ్యాహ్నమే బయలుదేరదామన్నాడు. పొద్దున పూట మంచు రాయిలా ఉండి పిల్లల కాళ్ళు జారుతాయనీ, ఎండెక్కి మెత్తబడితే హాయిగా నడవవచ్చనీ అతని ఆలోచన.

హైమ వాలు అంచుకు వెళ్ళి గిట్టతో గొయ్యి తవ్వింది. పైన మూరెడు మందాన మంచు గట్టిగా ఉంది. దాని కింది పొర ఇసుకలా పొడిపొడిగా రాలింది. అడుగున నీళ్ళు పారుతున్న చప్పుడు వినిపించింది. చిన్న చిన్న మంచు ఉండలు పైనుంచి వాటంతటవే దొర్లి వస్తున్నాయి.

"పై మంచుకు కింద పట్టు లేదు తమ్ముడూ. ఎండకు మొత్తం జారిపోతుంది. రేపు తెల్లవారేసరికి చలికి గట్టిపడుతుంది. అప్పుడు మళ్ళీ తవ్వి చూసి, ఒక్కొక్కరుగా దాటుదాం" అంది.

"ఆరేళ్ళుగా ఈ వాలు మీద తిరుగుతున్నానక్కా. ఏ వేళకు వచ్చావని మంచు నన్ను ఎప్పుడూ అడగలేదు" అన్నాడు శిఖరుడు.

ఆకలితో ఉన్న పిల్లలను ఇంకో పూట ఆపడం హైమకూ కష్టంగానే ఉంది. అయినా వాటిని కదలనివ్వలేదు. అది చూసి శిఖరుడికి పౌరుషం వచ్చింది. తాను ముందు దాటి చూపిస్తానని ఒక్కడే మంచు మీదికి దిగాడు.

సగం దూరం వెళ్ళాడో లేదో, కాళ్ళ కింద ధబ్ మని శబ్దం వచ్చింది. అతనికి పైన మంచు అడ్డంగా చీలింది. మరుక్షణం వాలు మొత్తం కదిలి, అతణ్ణి ఈడ్చుకుంటూ లోయలో పడింది.

మంద అంతా కిందికి పరుగెత్తబోయింది. హైమ అడ్డంగా నిలబడింది. ముందు వాలు పైకి చూసింది. అక్కడ రాతినేల తేలింది. జారడానికి ఇక మంచు మిగల్లేదు. పైన కనిపెట్టి ఉండమని ఒక జింకకు చెప్పి, నక్కను వెంటబెట్టుకుని దిగింది.

నక్క వాసన పట్టి ఒక చోట ఆగింది. ఇద్దరూ గోళ్ళు, గిట్టలు అరిగేలా తవ్వారు. చివరికి ఒక చెవి కనిపించింది. అది కదిలింది.

శిఖరుణ్ణి బయటికి లాగేసరికి ఒక కొమ్ము విరిగిపోయి ఉంది. వెనుక కాలు వాచింది. హైమ అతని ముక్కులోని మంచును నాకి తీసింది.

"నన్ను తిట్టవా అక్కా?" అన్నాడు అతను.

"ముందు ఊపిరి సరిగ్గా పీల్చుకో" అంది హైమ.

వాలు అంచుల్లో మిగిలిన మంచు రాత్రి చలికి గట్టిపడింది. మర్నాడు సూర్యుడు రాకముందే హైమ దారి పరీక్షించి మందను నడిపించింది. ఒకరు అవతలికి చేరాకే మరొకరు అడుగు వేశారు. శిఖరుడు కుంటుతూ అందరికన్నా చివర దాటాడు. అప్పటికే గడ్డిలో పడి మేస్తున్న పిల్లలు అతనికి చోటిచ్చాయి. ఆ రోజు నుంచి మంద హైమ మాట మీదే నడిచింది. ఆ మాట అందరికన్నా ముందు వినేవాడు శిఖరుడే.

నీతి: ఎన్నిసార్లు నడిచిన దారైనా ఈ రోజు ఎలా ఉందో చూసుకునే అడుగు వేయాలి. ప్రేమతో ఆపేవారి మాటను పౌరుషానికి పోయి తోసేయకూడదు.