వరహాలు దిగాల్సిన ఊరు

అనగనగా ఒక ఊళ్ళో, బస్సు తనంతట తాను ఆగని ఒక చిన్న ఊళ్ళో, వరహాలు అనే పిల్ల ఉండేది. నీకంటే కొంచెం పెద్దది, పదిహేనో ఏడు నడుస్తోంది. కాళ్ళు దుప్పట్లోకి లాక్కో, చెబుతాను.

వరహాలుకి ఊళ్ళో చాలా మంచి పేరు. "అప్పలస్వామి కూతురా? నోట్లో నాలుక లేని పిల్ల!" అని మెచ్చుకునేవాళ్ళు. ఆడపిల్లకి ఏది లేకపోతే అదే గొప్ప అనుకునే ఊరు మరి. నాలుక లేదంటే మెప్పు. నడకలో చప్పుడు లేదంటే మెప్పు. రెండోసారి కూర అడగలేదంటే ఇంకా మెప్పు.

ఆ ఊరి బడి ఎనిమిదో తరగతితో సరి. ఆ తర్వాత చదవాలంటే టౌనుకి పోవాలి. మగపిల్లలకి సైకిళ్ళు కొనిచ్చారు. వరహాలుకి బస్సు పాసు తీయించి, బోలెడు బుద్ధులు చెప్పి పంపారు. ఆ ఊరినించి పైచదువుకి వెళ్ళిన మొదటి ఆడపిల్ల తనే. లెక్కల టీచరు సుద్దముక్క అందుకుంటే చాలు, వరహాలుకి ఆకలి కూడా గుర్తుండేది కాదు. చదువంటే దానికి అంత ప్రాణం.

పొద్దున వెళ్ళడానికి ఏ చిక్కూ లేదు. రోడ్డు మీద నిలబడి చెయ్యి ఊపితే బస్సు ఆగేది. చిక్కంతా సాయంత్రమే. లోపలున్న వాళ్ళెవరైనా "ఆపండి!" అని కేక వేస్తేనే డ్రైవరు అక్కడ ఆపేవాడు. పాసున్న పిల్ల కనక ఎక్కడ దిగుతావని కండక్టరు అడగడు. కొన్నాళ్ళు ఊరివాళ్ళు ఎవరో ఒకరు బస్సులో తగిలేవాళ్ళు. వాళ్ళ కేకకి వరహాలు కూడా దిగిపోయేది.

అప్పుడు ఒకరోజు బస్సులో వాళ్ళ ఊరివాళ్ళు ఒక్కరూ లేరు. దూరంగా ఇటుకబట్టీ కనబడింది. అది దాటితే ఊరే. వరహాలు లేచి నిలబడింది. నోరు తెరిచింది. "ఆ..." అంది. ఆ మాట దాని చెవికే వినబడలేదు. ఇటుకబట్టీ వెనక్కి పోయింది, ఊరూ వెనక్కి పోయింది.

ఆ తర్వాతి ఊళ్ళో ఎండుచేపల పైడమ్మ దిగుతుంది. పైడమ్మ గంప ఎక్కితే జనం ముక్కులు మూసుకునేవాళ్ళు, పైడమ్మ నోరు విప్పితే చెవులు మూసుకునేవాళ్ళు. గయ్యాళి అని పేరు. వరహాలు కూడా ఆ గంప పక్కకి వస్తే కాళ్ళు దగ్గరికి లాక్కునేది.

"ఆపరా బాబూ! నన్ను సముద్రంలో దింపుతావేటి?" అని పైడమ్మ ఒక్క కేక పెట్టింది. బస్సు ఆగింది. ఆమె వెనకాలే వరహాలు దిగింది.

"ఏటే గుంటా, నీ ఊరు ఎనక్కి పోనాది కదే! నోరు బడికాడ మర్సిపోనావేటి?" అంది పైడమ్మ.

వరహాలు తల వంచుకుని వచ్చిన దారినే వెనక్కి నడిచింది. ఇల్లు చేరేసరికి దీపాలు వెలిగాయి. "ఇంతసేపూ ఎక్కడ తిరుగుతున్నావు?" అన్నాడు గుమ్మంలో నాన్న. ఆగని బస్సుని ఎవరూ నిలదీయరు, నడిచొచ్చిన పిల్లనే నిలదీస్తారు.

ఆ తర్వాత ఇంకో సాయంత్రం కూడా వాళ్ళ ఊరివాళ్ళు లేరు. దారిలో ఒక తాత దిగాడు. ఆయన తెచ్చుకున్న మేకపిల్ల సీటు కింద ఉండిపోయింది. బస్సు కదిలింది. తాత కర్ర ఊపుతూ వెనకాల పరిగెడుతున్నాడు. మేకపిల్ల "మే!" అంది. అప్పుడు వరహాలు గొంతులోంచి పెద్ద కేక ఊడిపడింది.

"ఆపండి! తాతగారి మేకపిల్ల ఉండిపోయింది!"

బస్సు ఆగింది. తాత మేకపిల్లని ఎత్తుకుని ముద్దు పెట్టుకున్నాడు. "బంగారు తల్లి" అన్నారు బస్సులో అందరూ.

అప్పుడు ఇటుకబట్టీ వచ్చింది. వరహాలు లేచింది. గొంతు మళ్ళీ మాయం! నా ఒక్కదానికోసం ఇంత బస్సు ఆగాలా? వీళ్ళందరికీ ఆలస్యం కాదూ? అందరూ నావైపు తిరిగి చూడరూ? ఇవన్నీ అనుకునేలోపు ఊరు దాటిపోయింది.

ఈసారి కూడా పైడమ్మ ఊళ్ళో దిగగానే వరహాలు ఏడ్చేసింది. పైడమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"మేకకోసం అరిసినావు, నీకోసం అరవలేవు. మేకపాటి సెయ్యవేటే నువ్వు?"

ఆ తర్వాత గంప కిందికి దించి, చెంగుతో పిల్ల మొహం తుడిచింది. "పక్కోలికోసం అరవడం మనకి ఉయ్యాల్లోనే నేర్పుతారే అమ్మా. మనకోసం మనం అరవడం ఎవులూ నేర్పరు. ఈ గంప నెత్తికెక్కినాక నాకొచ్చింది. నువ్వు అందాకా ఆగక్కర్లేదు. ఇప్పుడే నేర్సుకో."

"నాకోసం నువ్వు అరవకూడదా పిన్నీ?"

"నాను నోరిప్పితే ఒట్టు!"

ఆ రోజు నాన్న గట్టిగానే అన్నాడు. "ఇంకొక్కసారి పొద్దుపోయి వచ్చావంటే పుస్తకాలు అటకెక్కుతాయి." అమ్మ తల వంచుకుని కంచాలు పెట్టింది. ఆవిడ కూడా ఒకప్పుడు నోట్లో నాలుక లేని పిల్లే కదా.

వింటున్నావా, నిద్రపోయావా? ఊఁ కొట్టు మరి.

మర్నాడు సాయంత్రం బస్సు కిటకిటలాడుతోంది. వరహాలు పుస్తకాల సంచీని గుండెకి హత్తుకుంది. ఇటుకబట్టీ కనబడింది. పైడమ్మ వైపు చూసింది. పైడమ్మకి అరవాలని ప్రాణం కొట్టుకుంటోంది. కానీ ఒట్టు వేసిందిగా, చెంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. కళ్ళు మాత్రం గుడ్లగూబలా పెట్టింది.

ఇటుకబట్టీ దగ్గరికొచ్చింది. వరహాలుకి లెక్కల టీచరు చేతిలో సుద్దముక్క కనిపించింది. ఆ తర్వాత అటక కనిపించింది.

"ఆపండి! నేను దిగాలి!"

బస్సు కీచుమని ఆగింది. నిలబడ్డవాళ్ళు కూర్చున్నవాళ్ళ మీద పడ్డారు. "ఆడపిల్లకి ఇంత గొంతేమిటి?" అన్నాడొక మీసాలాయన.

పైడమ్మ చెంగు నోట్లోంచి లాగేసింది. "గొంతు లేకపోతే అన్నం ముద్ద ఎలా దిగుతాది బాబూ? నీకెలా దిగుతన్నాది?"

బస్సంతా నవ్వింది. కండక్టరు కూడా నవ్వుతూ "రైట్, రైట్" అన్నాడు. వరహాలు తన ఊళ్ళో, తన రోడ్డు మీద, తన కాళ్ళతో దిగింది.

ఇంటికొచ్చేసరికి కోళ్ళు ఇంకా గూట్లోకి పోలేదు. నాన్న ఎండని చూశాడు, పిల్లని చూశాడు, గుమ్మంలోంచి పక్కకి జరిగాడు. పుస్తకాలు అటకెక్కలేదు.

"అమ్మా, నేనే ఆపాను!"

అమ్మ చుట్టూ చూసి, మెల్లిగా అడిగింది. "ఎలా అరిచావే? ఏదీ, ఒక్కసారి అను."

వరహాలు అంది. అమ్మ పకపకా నవ్వింది. ఆ పూట అన్నాలు తింటున్నప్పుడు, ఎవరినీ అడక్కుండా, ఆవిడ రెండోసారి కూర వేసుకుంది.

మర్నాడు సాయంత్రం టౌనులో పైడమ్మ గంపతో బస్సెక్కింది. అందరూ ముక్కులు మూసుకున్నారు. వరహాలు మాత్రం కిటికీ వైపు జరిగి, "పిన్నీ, ఇలా కూర్చో" అంది. గంపని తన కాళ్ళ మధ్య పెట్టుకుంది. మనసులో ఉన్న దండాలన్నీ మాటల్లో చెప్పక్కర్లేదు. జరిగి చోటిస్తే చాలు.

ఏమిటీ? ఆ వరహాలు నేనేనా అంటావా? కాదు. నేను పైడమ్మ ఊరి పిల్లని, అదే బస్సులో వచ్చేదాన్ని. ఆవిడ కేకతో దిగిపోతూ హాయిగా ఉండేదాన్ని. పైడమ్మకి జ్వరం తగిలిన రోజున, వరహాలు ఎలా అరిచిందో గుర్తుచేసుకుని నేనూ అరిచాను. నాకు నోరిచ్చింది వాళ్ళిద్దరే. అందుకే వాళ్ళ పేర్లు నీకు చెప్పి పడుకోబెడుతున్నాను.

ఏదీ, నాతో పాటు అను. గొణక్కు, గట్టిగా. మీ నాన్న లేస్తే లేవనీ.

బస్సు బస్సు ఎర్ర బస్సు,
నోరు మూస్తే ఆగని బస్సు!
మేక "మే" అంటే మేకకి దారి,
పాప "ఆపు" అంటే పాపకి దారి!
కథేమో కంచికి టికెట్టు కొంది,
మనమేమో మనింటి ముందే దిగాం!