పీచమ్మ వేలాడి చూసిన బుట్ట

అనగా అనగా, మబ్బులు కొండల నడుము దాకా దిగివచ్చే ఒక అడవి. ఆ అడవికి రాజు కేసరి అనే సింహం.

అక్కడ రెక్కలయ్య అనే గద్ద కొత్త వ్యాపారం మొదలుపెట్టాడు. వెదురుబుట్టకు నాలుగు తీగలు కట్టి, నాలుగు గద్దల చేత మోయించి, నేలమీది జంతువులను మబ్బులపైకి తీసుకెళతానన్నాడు.

అందరికన్నా ముందు ముసలి కుందేలు చెవులమ్మ వచ్చి నిలబడింది. "చందమామలో మా వంశం పెద్దాయన ఉన్నాడట. దగ్గరనుంచి ఒక్కసారి చూసి వస్తాను నాయనా!"

రాజు ఆడ గిజిగాడు పీచమ్మను పిలిపించాడు. గిజిగాళ్ళలో ఒక ఆచారం ఉంది. మగపిట్ట ఎంత అందంగా గూడు అల్లినా, ఆడపిట్ట దానికి వేలాడి, లాగి చూశాకే కాపురానికి వస్తుంది.

"నువ్వు సరేనంటేనే బుట్ట లేవాలి" అన్నాడు రాజు.

పీచమ్మ పిల్లలు రెక్కలొచ్చి ఎక్కడో దూరపు వరిచేలకు వెళ్ళిపోయారు. అప్పటినుంచి ఎవరి బిడ్డ గాలిలో ఉన్నా ఆమెకు గింజ గొంతు దిగదు.

మొదటి రోజు తీగకు వేలాడింది. అది టప్పున తెగింది. "ఎండు తీగ. వద్దు" అంది.

రెండో రోజు బుట్ట అడుగున ముక్కుతో పొడిచింది. పుచ్చిన వెదురు పొడి రాలింది. "వద్దు" అంది.

మూడో రోజు పున్నమి. తీగలు పచ్చివి, బుట్ట కొత్తది. పీచమ్మ చాలాసేపు వేలాడి చూసి, "పైన ఒక గద్ద అలిసిపోతే?" అని అడిగింది.

"అలిసిపోవడానికి మేమేమైనా పిచ్చుకలమా?" అని రెక్కలయ్య నవ్వాడు. "అయినా వీళ్ళంతా ఇష్టపడే వస్తున్నారు. ఏం జరిగినా పూచీ తమదేనని ఆకులమీద పాదముద్రలు కూడా వేశారు!"

"ముద్రలు వేయించుకునే ముందు ఆ ఎండు తీగ చూపించావా అన్నా?"

రెక్కలయ్య ముఖం పక్కకు తిప్పుకున్నాడు. చెవులమ్మకే కోపం వచ్చింది. "నీకేమే, రెక్కలున్నదానివి! వచ్చే పున్నమికి నేనుంటానో లేదో!"

ఆ మాట పీచమ్మకు ముల్లులా గుచ్చుకుంది. అయినా రాజువైపు తిరిగింది. "మహారాజా, ముందు వీళ్ళందరి బరువుకు సరిపడా గుమ్మడికాయలు పంపండి. అవి క్షేమంగా దిగితే నేనీ కొలువు వదిలేస్తాను."

బుట్ట లేచింది. మబ్బుల అంచున చలిగాలికి ఒక గద్ద రెక్క పట్టేసింది. బుట్ట ఒరిగింది. గుమ్మడికాయలన్నీ రాళ్ళమీద పడి ముక్కచెక్కలయ్యాయి.

చెవులమ్మ ఆ ముక్కలను చూసి, మెల్లగా తన చెవులు తడుముకుంది.

రెక్కలయ్య తల దించుకున్నాడు. "ఏం చేయమంటావో చెప్పు తల్లీ."

"ఇంకో రెండు గద్దలు ఖాళీగా వెంట ఎగరాలి. బుట్టకు మూత ఉండాలి. అది మా ఆయన అల్లుతాడు. నేను వేలాడి చూస్తాను."

తర్వాతి పున్నమి సాయంత్రం బుట్ట మళ్ళీ లేచింది. దారిలో ఒక గద్ద అలిసింది. వెంట ఎగిరే గద్ద తీగ అందుకుంది. బుట్ట ఊగనైనా ఊగలేదు. కింద కొమ్మమీద పీచమ్మ మాత్రం గింజ ముట్టకుండా కూర్చుంది.

బుట్ట నేలకు తాకగానే చెవులమ్మ గంతేసి దిగింది. "ఉన్నాడే పీచమ్మా! చెవులు అచ్చం మావే!"

అప్పుడు పీచమ్మ ఒక గింజ నోట్లో వేసుకుంది.

ఎగరాలని కోరుకోవడం మంచిదే పిల్లలూ. "ఆగు, ఒకసారి లాగి చూడనీ" అనేవాళ్ళు ఉంటేనే ఎగిరినవాళ్ళు ఇంటికి తిరిగివస్తారు.