జడలో పడ్డ ముడి

కాదు మేడమ్మా, తిట్టలేదు. ఆ వీడియోలో మా ఆయన రెండు చేతులూ ఊపుతుండేది తిట్టడం కాదు. పోర్చుగలు దేశం టీచరమ్మకి ఆ మాట ముందు చెప్పండి, పాపం మనసులో పెట్టుకోనుంటాది. ఆ రోజు మీరు ట్రైనింగని ఒంగోలు పోయుంటిరి, మీకు తెలవదు. ఇది ఆయన్ని అడగాల్సిన మాట. ఆయన్ని అడిగినా చెప్పేవోడు కాదులే, ఆయన గుణమే అది. పిల్లకాయలు ఏదడిగినా నోరు తెరిచి బదులు చెప్పిన పాపాన పోలేదు. "అయ్యోరా, ఇదెందుకట్టా?" అంటే చేతిలో కోల పెట్టి "ఆడు" అనేవోడు. ఇంట్లో నాకూ అంతే. కూరేం చెయ్యమంటావయ్యా అంటే మాట్లాడకుండా లేచి దొడ్లోకి పోయి, ఏదో ఒకటి కోసుకొచ్చి నా ముందర పడేసేవోడు. కాపరమంతా అట్టనే గడిచింది.

ఇది వాళ్ళ పిల్లకాయలకి కూడా వినిపిస్తామంటిరి గాబట్టి మొదట్నించే చెప్తా. వాళ్ళ భాషలోకి మార్చేవోళ్ళెవురో నా తిట్లు తీసేసి మార్చమనండి.

మా ఆయన చెంచురామయ్య కోలాటం నేర్పించేవోడు. మన ఇస్కూల్లో నేర్పించింది జడకోలాటం. పైన దూలానికి కొక్కెం కొట్టి, దానికి రంగురంగుల తాళ్ళు కట్టి వేలాడేస్తారు. ఒక్కో బిడ్డ ఒక చేత్తో తాడు పట్టుకుంటాది, ఇంకో చేత్తో కోల. సగం మంది ఇటునించి, సగం మంది అటునించి తిరుగుతా, ఒకరికి లోపలగా, ఇంకొకరికి బయటగా పోతా, ఎదురొచ్చినోళ్ళ కోలకి కోల తగిలిస్తా వుంటే పైన తాళ్ళు జడలాగా అల్లుకుంటాయి. అల్లినాక అయిపోలా. అదే అడుగు వెనక్కేస్తా, కడాకి అల్లింది ముందు విప్పుకుంటా, జడంతా విప్పాల. వేసిన జడ విప్పకుండా వదిలేసి పోయేది మా ఆయన కాడ లేదు. తాళ్ళెక్కడియ్యంటారా? నా చీరలు. అడగను గూడా అడగలా. బీరువా తెరిచి చూస్తే వంకాయ రంగు చీర లేదు, ఇస్కూలుకి పోయి చూస్తే దూలానికి వేలాడతా వుంది.

బిడ్డలారా, మీ పోర్చుగల్లోనూ ఇట్టాంటిదే వుందంట గదా, గుంజకి రిబ్బన్లు కట్టి అల్లేది. మేడమ్మ మొదటిసారి టీవీలో చూపించిన రోజు ఆయన కుర్చీ ఇంత దగ్గిరికి లాక్కోని కూర్చున్నాడు. "ఈళ్ళకి మన ఆట ఎవురు నేర్పినార్రా?" అన్నాడు. నేను "వాళ్ళు గూడా అదే అనుకుంటుంటార్లే" అన్నా. నవ్వలా. ఆ ఆటంతా అయిపోయిందాకా రెప్పెయ్యలా.

ఆ తర్వాత మొదలైంది నా చావు. ప్రాజెక్టు అన్నారు. రెండు ఇస్కూళ్ళ పిల్లకాయలు ఒకే తూరి అల్లాల, ఒకే తూరి విప్పాల, దాన్ని పక్కపక్కన పెట్టి వీడియో తియ్యాల. ఈడ ఒక బిడ్డ ఏ రంగు తాడు పట్టుకుంటే ఆడ దాని జోడీ బిడ్డ అదే రంగు రిబ్బను పట్టుకోవాల. వినేదానికి బాగుంది. కానీ ఇరుపక్కలా ఒకరికొకరు కనపడే ఆ టీవీలో ఏదీ ఉన్నపళంగా రాదు. మనోళ్ళు కోల కొడితే ఆ టప్పుమనేది వాళ్ళకి నిదానంగా పోతాది, వాళ్ళు వేసిన అడుగు మనకి నిదానంగా కనపడతాది. వాళ్ళకోసం వీళ్ళు ఆగుతారు, వీళ్ళకోసం వాళ్ళు ఆగుతారు. ఆగి ఆగి ఇరుపక్కలా పిల్లకాయలు కొయ్యబొమ్మల్లాగా నిలబడిపోతారు. నెట్టు పోతాది, వస్తాది. ప్రాజెక్టు సారు ఫోను పైకెత్తి ఇస్కూలు చుట్టూ తిరగతా "సిగ్నలు, సిగ్నలు" అంటుంటాడు. ఇంటికొచ్చి మా ఆయన ఆ చిరాకంతా నా మీద చూపిస్తాడు.

అందర్లోకీ ఎక్కువ సతాయించింది కామాక్షి. రొయ్యల గుంటల కాడ పని చేస్తాడే మస్తానయ్య, ఆయన కూతురు. వంకాయ రంగు తాడు దానిది. దాని జోడీ పేరు ఇనేసు. ఒకదాని భాష ఒకదానికి రాదు, ఒక్క మాట తెలవదు, కానీ టీవీ పెట్టినప్పుడల్లా ఒకదాన్ని చూసి ఒకటి పళ్ళికిలిస్తాది. ఈ కామాక్షి తాడు పట్టుకుందంటే పక్కనోళ్ళని చూడదు, టీవీ చూస్తాది. ఎదురొచ్చిన పిల్లని గుద్దుకుంటాది. మా ఆయన రోజూ ఒకటే అరుపు. "మేయ్, ఆ టీవీలో పిల్ల దిగొచ్చి నీ కోల కొడతాదా? నీ ముందర ఎవురొస్తుండారో చూడు!"

వీడియో తీసే రోజొచ్చింది. ఆయనకి అప్పటికే ఆయాసం. నాలుగడుగులేస్తే గోడ పట్టుకునేవోడు. నెల్లూరు డాక్టరు గుండె పరీక్షల కాయితాలు చూసి, ఇంక ఇంటికాడ ఉంచొద్దు, ఈ రోజే వచ్చి చేర్పించండి అని ఫోను చేసినాడు. సాయంత్రం మనూరికొచ్చే బస్సు ఒకటే గదా. నేను దుప్పటి, గ్లాసు, మందులు సంచిలో సర్దుకోని నేరుగా ఇస్కూలుకే పోయి వరండాలో కూర్చున్నా. ఇంటికాడ కూర్చుంటే ఈ మనిషి రాడని తెలుసు. "ఈ ఒక్కాట అయిపోతానే పోదాం రవణా" అన్నాడు. నెత్తిమీద చెయ్యి పెట్టుకోని మరీ అన్నాడు.

తాళ్ళు పట్టుకునే ముందు కామాక్షి అడిగింది. నేను పక్కనే వుండా. "అయ్యోరా, కోలకి కోల తగిలితే గదా కోలాటం? వాళ్ళు ఆ అద్దం లోపల వుండారు. కోల తగల్దు, చెయ్యి తగల్దు. మా ఆట మేం ఆడుతుండాం, వాళ్ళాట వాళ్ళు ఆడుతుండారు. ఇది కలిసి ఆడినట్టు ఎట్టయితాది?"

మంచి మాటే అడిగింది. నాకూ తెలుసుకోవాలనే వుంది. ఈ మహానుభావుడేమో తాడు తీసి దాని చేతిలో పెట్టినాడు.

ఆట మొదలైంది. అల్లడం సగానికొచ్చినాక టీవీ బిగుసుకుపోయింది. ఇనేసు చెయ్యి పైకెత్తినది ఎత్తినట్టే నిలబడిపోయింది. మనోళ్ళు ఆగకుండా జడంతా అల్లేసినారు. బాగా వచ్చింది, నా చీరలు గూడా నాకే కొత్తగా కనపడినాయి. ప్రాజెక్టు సారు చప్పట్లు కొట్టి, "చాలు అయ్యోరా, జడ పడింది, ఇంత వీడియో చాలు, వాళ్ళది తర్వాత అతికిస్తాం" అన్నాడు. నేను సంచి భుజానికేసుకోని లేచినా.

"విప్పండి" అన్నాడు మా ఆయన.

"వాళ్ళు లేరు గదా అయ్యోరా, ఎవురు చూస్తారు?" అనింది ఒక పిల్ల.

"విప్పమంటిని గదా!"

విప్పబట్టినారు. సగానికి పైగా విప్పేసరికి జడ పట్టేసింది. లాగితే రాదు, వదిలితే జారదు. చూస్తే వంకాయ రంగు తాడు. లోపలగా పోవాల్సిన చోట బయటగా పోయింది కామాక్షి, అల్లేటప్పుడు. టీవీ చూసుకుంటా పోయుంటాది, ఇంకేం చేసుంటాది. అందరూ దాని మీద పడినారు. "నీవల్లే మే!" "రోజూ చెప్తానే వుండారు గదా!" "ఇంకెప్పుడూ దాన్ని మా పక్కన పెట్టొద్దు అయ్యోరా!" అది తాడు పట్టుకోని తల దించుకోని నిలబడింది. కన్నీళ్ళు తుడుచుకుందామంటే ఒక చేతిలో తాడు, ఒక చేతిలో కోల. ప్రాజెక్టు సారు ఆఫీసురూములోకి పోయి కత్తెర తెచ్చినాడు. "ఇది ఒక్కటే కత్తిరిద్దాం అయ్యోరా, మిగతాదంతా వదులైపోతాది." రోడ్డు మీద బస్సు మలుపు తిరిగి హారను కొట్టింది. కత్తిరించవయ్యా తండ్రీ అని నేనే అరిచినా. నా చీరే గదా!

అప్పుడు టీవీలోకి వాళ్ళొచ్చినారు.

వాళ్ళ కాడ గూడా ఆట ఆగిపోయుండాది. గుంజ చుట్టూ పిల్లకాయలంతా ఒక బిడ్డ వైపే చూస్తుండారు. ఆ బిడ్డ తల దించుకోని నిలబడుండాది, చేతిలో వంకాయ రంగు రిబ్బను. ఇనేసు. ఆ టీచరమ్మ చేతిలోనూ కత్తెర! అది చూసి మా ఆయన గోడ వదిలేసి టీవీ మీదికి పోయి రెండు చేతులూ ఊపినాడు, "వద్దు, వద్దు, కత్తిరించొద్దు" అని. అదీ మేడమ్మా ఆ ఊపింది. ఆమేమో పోయొస్తామంటుండాడనుకునింది. నవ్వుతా తనూ చెయ్యి ఊపి, ఫోను ఆపేసేదానికి చెయ్యి చాపింది. ఈయన ఇంకా గట్టిగా ఊపినాడు. ఆమె ఇంకా గట్టిగా ఊపింది. నాకు ఏడవాల్నో నవ్వాల్నో తెలవలా, రోడ్డు మీద ఇంకో హారను. చివరికి ప్రాజెక్టు సారు ఇంగ్లీషులో అరిచి అరిచి ఆపినాడు. ఆ అరుపులు వినే ఆయమ్మ, ఈయన ఊపింది గూడా తిట్టడమేననుకునుంటాది.

మా ఆయన టీవీకి ముక్కు ఆనించినట్టు నిలబడి వాళ్ళ గుంజని చూసినాడు. వెనక్కి తిరిగి మన జడని చూసినాడు. మళ్ళా అటు చూసినాడు. లోపలగా పోవాల్సిన చోట బయటగా. అదే రంగు, అదే చోటు, అదే తప్పు. ఆ పిల్ల ఈ పిల్లని చూస్తా అడుగేసింది, ఈ పిల్ల ఆ పిల్లని చూస్తా అడుగేసింది. "ఎవురు ముందు తప్పినారు అయ్యోరా?" అని అడిగినారు పిల్లకాయలు. అది ఆ దేవుడికే తెలవాల. అంత ఆయాసంలోనూ ఆయన నవ్వబట్టినాడు.

"మేయ్ కామాక్షీ, ఇట్టా చూడు. కోల తగల్లేదంటివే, మరి ఇదెవురు కొట్టినారు?"

అది తలెత్తి చూసింది. ఇనేసు గూడా తలెత్తి చూసింది. ఇద్దరికీ ఒకే తూరి అర్థమైనట్టుంది.

సరే, అర్థమైంది గదా, ఇప్పుడైనా కత్తిరించొచ్చు గదా? ఊహూ. "తప్పుగా పోయినావు, తప్పుగానే తిరిగి రా" అన్నాడు దానితో. "నాకు గుర్తులేదు అయ్యోరా, నేను నా అడుగు చూడలా, టీవీ చూస్తా పోయినా" అని ఏడ్చింది. రోజూ టీవీ చూడొద్దని గొంతు చించుకున్న మనిషి, ఆ రోజేమన్నాడో తెలుసునా? "అయితే టీవీ చూస్తానే రా."

సారు ఆ మాటే అవతలికి చెప్పినాడు. ఇంక చూడండి నా అవస్థ. ఇనేసు ఒక అడుగు వెనక్కేస్తాది. అది ఈడ కనపడేదానికి ఆలస్యం. కనపడినాక కామాక్షి ఒక అడుగేస్తాది. అది ఆ పిల్లకి కనపడేదానికి ఆలస్యం. కనపడినాక అది ఇంకొకటి. మిగతా పిల్లకాయలంతా తాళ్ళు కదలకుండా పట్టుకోని నిలబడుండారు. ఎవురూ దాన్ని ఏమనలా. బయట డ్రైవరు మంచోడే, ఇంజను ఆపకుండా చానాసేపు చూసినాడు. నేను గేటు కాడికి ఉరకడం, "వస్తుండాడు నాయనా, వస్తుండాడు" అనడం, మళ్ళా లోపలికి ఉరకడం. "ఏమయ్యా, నీకు బతకాలని వుందా లేదా?" అంటే, వేలు ఎత్తి చూపించి "ఇంకొక్క అడుగు" అంటాడు. ఆ ఒక్క అడుగు పోర్చుగలు పోయి రావాల గదా!

ముడి వదిలింది. ఆడా వదిలింది, ఈడా వదిలింది. పిల్లకాయలు ఇరుపక్కలా కేకలు పెట్టినారు. ఆ కేకలు గూడా వాళ్ళవి మనకి తర్వాతే వినపడినాయి. నేను చూడలా, నేను గేటు కాడుండా. బస్సు చెరుకుతోట దాటి పోతా కనపడింది.

ఇంటికి నడిచి వస్తా దోవ పొడుగునా తిట్టినా. చీకటి పడలేదింకా, ఊరంతా విన్నారు, నేనేం దాచుకోను. ఎవురినన్నా కారు అడగతానంటే వద్దన్నాడు, పొద్దున బస్సుకి పోదాంలే అన్నాడు. రెండు చోట్ల ఆగి ఊపిరి తీసుకున్నాడు. "అరగజం గుడ్డ పేలిక కోసం బస్సు పోగొట్టుకుంటివే! కత్తిరిస్తే ఏం పోయేది? రేపు కొత్తది కట్టుకుంటే కాదా?" అన్నా. ఎప్పటిలాగే మాట్లాడడనుకున్నా. వాకిట్లో కూర్చోని చెప్పులిప్పుకుంటా అన్నాడు.

"కత్తిరించుంటే ఆ రెండు బిడ్డలూ ఎవురికి వాళ్ళు ఒంటిగా తప్పినట్టే మిగిలిపోయేవోళ్ళు గదే."

తెల్లారేసరికి ఆయన లేడు.